ఇంటి దగ్గర పెద్ద గ్యారేజీ, అందులోనే వర్క్‌షాప్: ఏది ముందు, ఏది తర్వాత

"గ్యారేజీ పెద్దదే కడుతున్నాం. రెండు కార్లు పెట్టుకుని, మిగిలిన చోట వెల్డింగూ చెక్కపనీ చేసుకోవాలని ఉంది. ముందు ఏ మెషిన్ కొనమంటారు?" ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. నా జవాబు ఎప్పుడూ ఒకటే: మెషిన్ చివర్లో కొనండి. మెషిన్ నచ్చకపోతే అమ్మేయొచ్చు, పక్కకి జరపొచ్చు. నేల కింద వేయాల్సిన పైపు మర్చిపోతే మాత్రం కాంక్రీటు పగలగొట్టాల్సిందే. అందుకే తర్వాత మార్చడం ఏది ఎక్కువ కష్టమో దాన్నే ముందు పెట్టి ఈ వరస రాశాను.

గ్యారేజీ ఇప్పటికే కట్టేసి ఉంటే 3 నుంచి మొదలుపెట్టండి. కానీ 1 ఒకసారి చదవండి, అది కట్టినవాళ్లకీ పనికొస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెద్ద టేపు, సుద్దముక్కలు, గళ్ల కాగితం, కత్తిరించుకోడానికి అట్టలు
- మీ బండి అసలు కొలతలు: పొడవు, పక్క అద్దాలతో కలిపి వెడల్పు, డిక్కీ తలుపు పూర్తిగా లేపితే వచ్చే ఎత్తు
- ఇప్పుడున్న మెషిన్లు, వచ్చే ఐదేళ్లలో కొనేలా ఉన్న మెషిన్లు, ఒక్కోదానికి మోటారు ఎన్ని హెచ్‌పీలో
- ఇంటి కరెంటు సింగిల్ ఫేజా త్రీ ఫేజా, మంజూరైన లోడు ఎంత
- రసమట్టం, నీళ్ల గొట్టం లెవెల్, 10 అడుగుల తిన్నని అల్యూమినియం పట్టీ
- కరెంటు పనికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. మిగతా పనులు సొంతంగా చేసుకున్నా ఇది మాత్రం చేసుకోవద్దు.

1. కొలతలు: నేల మీద సుద్దతో గీసి చూడండి

మామూలు కారు పొడవు దాదాపు 15 అడుగులు, వెడల్పు 6 అడుగులు. తలుపు తెరుచుకుని మనిషి దిగాలంటే పక్కన కనీసం 3 అడుగులు కావాలి. రెండు కార్లు పక్కపక్కన పెడితే వెడల్పు 3+6+3+6+3, అంటే 21 అడుగులు. ముందూ వెనకా మనిషి నడవాలంటే పొడవు కూడా 21 అడుగులు అవుతుంది. ఇది కార్లకే సరిపోయే చోటు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "గోడ పక్కన ఒక బల్ల వేసుకుంటాను" అనుకుంటారు. ఆ బల్ల దగ్గర పని చేయాలంటే రోజూ కారు బయటికి తీయాలి. వారం తిరక్కుండానే ఆ బల్ల సామాను పడేసుకునే అరుగైపోతుంది.

రెండు కార్లతో పాటు నిజంగా పని చేసుకునే చోటు కావాలంటే 24 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు హాయిగా ఉంటుంది. ఇందులో 22 అడుగుల పొడవు కార్లకు, 14 అడుగులు పనికి. అంత స్థలం లేకపోతే ఒక కారుకు మాత్రమే చోటిచ్చి, రెండోది బయట షెడ్డులో పెట్టండి. కారు ఎండావానలు ఓర్చుకుంటుంది, మెషిన్లు ఓర్చుకోవు.

ఎత్తు సంగతి. 8×4 ప్లైవుడ్ షీటు మూల నుంచి మూలకు దాదాపు 9 అడుగులు ఉంటుంది. సీలింగ్ అంతకన్నా తక్కువైతే షీటును నిలబెట్టి తిప్పలేరు. బండిని పైకి లేపే రెండు స్తంభాల లిఫ్టు పెట్టే ఆలోచన ఉంటే 11 నుంచి 12 అడుగులు కావాలి. రోలింగ్ షట్టర్ చుట్టుకునే డ్రమ్ము పైన అడుగుకు పైగా తినేస్తుందని, లైట్లు, పైపులు ఇంకొంచెం కిందికి వస్తాయని మర్చిపోకండి.

ద్వారాల విషయంలో నా ఓటు ఒకే 16 అడుగుల పెద్ద ద్వారానికి కాదు, 9 అడుగుల వెడల్పున్న రెండిటికి. ఒకటి చెడిపోయినా రెండోది పనిచేస్తుంది. వీటికి తోడు మనుషుల కోసం విడిగా ఒక మామూలు తలుపు తప్పకుండా ఉండాలి. మంటలు రేగినప్పుడు, కరెంటు పోయినప్పుడు మోటారు షట్టర్‌ను నమ్ముకోలేరు.

ఇప్పుడు సుద్దముక్క తీసుకోండి. ఖాళీ స్థలంలోనో వీధిలోనో గ్యారేజీ అంత దీర్ఘచతురస్రం గీసి, కార్లు, బల్ల, మెషిన్లు అన్నీ అసలు కొలతల్లో లోపల గీయండి. ఒక 8 అడుగుల కర్ర భుజాన వేసుకుని ఆ గీతల మధ్య తిరగండి. కర్ర ఏ గీతకి తగిలితే రేపు అక్కడే మీ కారు తలుపుకి గీత పడుతుంది. నేల మీద అన్నీ కుదిరాకే గళ్ల కాగితం మీదికి ఎక్కించండి. కాగితం మీద అన్నీ పడతాయి, అదే దాంతో వచ్చిన చిక్కు.

ఇంటికి ఆనుకుని కట్టే గ్యారేజీ అయితే రెండు జాగ్రత్తలు. గ్యారేజీ నేల ఇంటి నేల కంటే కనీసం ఒక మెట్టు కిందికి ఉండాలి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదుగానే పాకుతుంది. మధ్య తలుపు గట్టిదై, దానంతటది మూసుకునేలా ఉండాలి.

2. నేల: పోయకముందే అన్నీ ఆలోచించాలి

మట్టిని బాగా దిమ్మిస కొట్టించి, పైన 4 అంగుళాల కంకర పరిచి, అదీ గట్టిపడేలా కొట్టించాలి. దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అంచులు ఒకదాని మీద ఒకటి కనీసం 6 అంగుళాలు ఎక్కేలా పరవాలి. ఇది లేకపోతే నేల కింది తేమ ఏడాది పొడవునా పైకి వస్తూనే ఉంటుంది. అట్టపెట్టెలు బూజు పడతాయి, పనిముట్లు తుప్పు పడతాయి.

కార్లు నిలిపే స్లాబుకు 4 అంగుళాల మందం చాలు. లిఫ్టు స్తంభాలు వచ్చే చోట, బరువైన మెషిన్ల కింద 6 అంగుళాలు పోయించండి. లిఫ్టు కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో ఇంకా ఎక్కువ ఉంటే అదే పాటించాలి.

పోసే రోజు మీరు దగ్గర ఉండి చూడాల్సినవి మూడే. ఒకటి, ఇనుప మెష్ కాంక్రీటు మధ్య నుంచి పైభాగంలో ఉండాలి. చాలాచోట్ల దాన్ని పాలిథీన్ మీద పడుకోబెట్టి పైన కాంక్రీటు పోసేస్తారు. అడుగున పడి ఉన్న మెష్ ఉన్నా లేనట్టే. కింద దిమ్మలు పెట్టించండి. రెండు, పని తేలిగ్గా సాగుతుందని మిశ్రమంలో అదనంగా నీళ్లు పోయనివ్వకండి. బలం తగ్గేది, పైపొర పొడిలా రాలేది దాని వల్లే. మూడు, పగులు రావాల్సిన చోటును ముందే మనం నిర్ణయించాలి. 4 అంగుళాల స్లాబుకు 8 నుంచి 10 అడుగులకొకటి చొప్పున, మందంలో నాలుగో వంతు లోతుగా గాడి కోయించాలి. పోసిన రోజో మర్నాడో కోస్తేనే దానివల్ల ఉపయోగం. ఆ గాడి లిఫ్టు స్తంభం కిందికి రాకుండా ముందే గుర్తు పెట్టండి.

వాలు: కార్ల భాగం ద్వారం వైపు 100కి 1 వాలితే నీళ్లు బయటికి పోతాయి. పని భాగం మాత్రం సమతలంగా ఉండాలి. మొత్తం వాలుగా పోయించేసి, తర్వాత ప్రతి మెషిన్ కిందా చెక్కముక్కలు పెట్టుకుంటూ తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు.

కాంక్రీటు పోయకముందు ఖాళీ పైపులు వేయించండి. మెయిన్ బోర్డు వైపు నుంచి ఒకటి, నడిమధ్యన టేబుల్ రంపం వచ్చే చోటుకి ఒకటి, ఇంటి నుంచి నీళ్లకి ఒకటి, భవిష్యత్తుకి ఏమీ లేని ఖాళీది ఒకటి. ప్రతిదానిలో నైలాన్ తాడు దూర్చి రెండు చివరలా కట్టి ఉంచండి. టేపు పక్కన పెట్టి, గోడ నుంచి ఎంత దూరమో కనిపించేలా ఫోటోలు తీసుకోండి.

నీళ్లు కట్టి కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. 28 రోజులు నిండకుండా లిఫ్టు బోల్టులు, భారీ మెషిన్లు వద్దు.

మెకానిక్ గుంత తవ్వించాలా అని అడుగుతుంటారు. నేనైతే వద్దంటాను. పెట్రోలు ఆవిరి, లీకైన ఎల్‌పీజీ గ్యాస్, రెండూ గాలి కంటే బరువైనవే కాబట్టి వచ్చి చేరేది అక్కడికే, మనిషి ఉండేదీ అక్కడే. గాలి లాగే ఏర్పాటు, నిప్పురవ్వ రాని లైట్లు లేకుండా గుంత పెట్టుకోవడం ప్రమాదం. లిఫ్టుకు బడ్జెట్ లేకపోతే మంచి జాకీ, నాలుగు గట్టి స్టాండ్లు చాలు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. స్టాండ్ల మీద దించకుండా బండి కిందికి దూరవద్దు.

ఎపాక్సీ పెయింటు వేసే ముందు ఒక చిన్న పరీక్ష. అడుగున్నర చదరం పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా నేలకు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపలి వైపు నీటి చుక్కలు కనిపించినా, నేల రంగు ముదిరినా తేమ ఇంకా వస్తోందని అర్థం. ఆ నేల మీద ఎపాక్సీ వేస్తే పెచ్చులుగా లేచిపోతుంది. నిజానికి ఎపాక్సీ లేకపోయినా పనేమీ ఆగదు, వెల్డింగ్ చేసే చోట ఎలాగూ కాలిపోతుంది.

3. కరెంటు: ఒకేసారి ఏవేవి తిరుగుతాయో లెక్కేయండి

జాబితాలో ఉన్న మోటార్లన్నీ కూడితే కళ్లు తిరిగే లెక్క వస్తుంది. అవన్నీ ఒకేసారి తిరగవు, పని చేసేది మీరొక్కరే. ఒకేసారి నడిచేవి మాత్రమే రాయండి. ఉదాహరణకి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 2 హెచ్‌పీ టేబుల్ రంపం దాదాపు 10 ఆంపియర్లు, పొట్టు లాగే 1 హెచ్‌పీ మెషిన్ 5, తనంతట తాను ఆన్ అయ్యే 3 హెచ్‌పీ కంప్రెసర్ 14, లైట్లు 2. మొత్తం 31. వెల్డింగ్ మెషిన్ విషయంలో ఊహించకండి, దాని ప్లేటు మీద రాసిన ఇన్‌పుట్ ఆంపియర్లు చూడండి. పెద్ద ఇన్వర్టర్ మెషిన్ ఒక్కటే పై లెక్క మొత్తానికి దగ్గరగా లాగుతుంది.

ఈ లెక్కతో ఎలక్ట్రీషియన్‌ దగ్గరకి వెళ్లి, గ్యారేజీకి విడిగా సబ్ బోర్డు అడగండి. ఇంట్లోని ఏదో సాకెట్ నుంచి వైరు లాగడం వద్దు. త్రీ ఫేజ్ దొరికితే తీసుకోండి, తర్వాత పాత పారిశ్రామిక మెషిన్లు కొనుక్కోవడానికీ దారి ఉంటుంది.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కన్నా 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. బి రకం ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్చు) 3 నుంచి 5 రెట్లకే పడిపోతుంది, అందుకే రంపం ఆన్ చేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంది. మోటార్లకు సి రకం, బాగా బరువైనవాటికి డి రకం వాడతారు. ట్రిప్ అవుతోందని ఎంసీబీ రేటింగు పెంచేయడం మాత్రం మహా తప్పు. ఎంసీబీ కాపాడేది వైరును. వైరు సన్నగా ఉండి ఎంసీబీ పెద్దదైతే కాలిపోయేది గోడలో ఉన్న వైరే.

దూరం ఎక్కువైతే వైరు మందం పెరగాలి. ఇంటి నుంచి గ్యారేజీకి 30 మీటర్లు, లోడు 40 ఆంపియర్లు అనుకోండి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే దారిలోనే 13 వోల్టులు పోతాయి, 10 చదరపు మిల్లీమీటర్లదైతే 5 వోల్టులే. వోల్టేజీ తక్కువైన మోటారు వేడెక్కుతుంది, త్వరగా చస్తుంది.

సాకెట్లన్నిటికీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) రక్షణ ఉండాలి, ఎర్తింగ్ కొలిచి చూడాలి. లైట్లు వేరే సర్క్యూట్ మీద పెట్టించండి. రంపం ట్రిప్ అయినప్పుడు లైట్లూ పోతే, ఇంకా తిరుగుతున్న బ్లేడు పక్కన చీకట్లో నిలబడతారు.

సాకెట్లు నేల నుంచి 4 అడుగుల పైన ఉండాలి. 4 అడుగుల వెడల్పు షీటు గోడకు అడ్డంగా ఆనించినా మూసుకుపోవు, బల్ల పైన చేతికందుతాయి. పెట్రోలు ఆవిరి నేల దగ్గరే ఉంటుంది కాబట్టి నిప్పురవ్వ వచ్చే స్విచ్చులు, సాకెట్లు అడుగున్నర ఎత్తు లోపల అసలు ఉండకూడదు. బల్ల పొడవునా 3, 4 అడుగులకొకటి, మిగతా గోడలకి 6, 8 అడుగులకొకటి చొప్పున పెట్టించండి. ఎన్ని పెట్టినా తక్కువే అనిపిస్తాయి. ఎక్స్‌టెన్షన్ రీలు వాడాల్సి వస్తే వైరు మొత్తం విప్పి వాడండి. చుట్టలోనే ఉంచి బరువైన మెషిన్ నడిపితే లోపలి వైరు కరిగిపోతుంది.

4. వెలుతురు

ఇల్లు కట్టినవాళ్లు గ్యారేజీ నడిమధ్యన ఒక్క బల్బు పెట్టి వెళ్తారు. దాని కింద బల్ల దగ్గర నిలబడితే మీ నీడ మీ పని మీదే పడుతుంది.

పని భాగంలో 500 లక్స్ (ఒక చదరపు మీటరు మీద పడే వెలుతురు కొలత) లక్ష్యంగా పెట్టుకోండి. లెక్క తేలికే: చదరపు మీటర్లను 500తో గుణించి, వెలుతురంతా పని దాకా చేరదు కాబట్టి 0.7తో భాగించండి. 24×14 అడుగులంటే 31 చదరపు మీటర్లు. 22 వేల ల్యూమెన్లు (లైట్లు ఇచ్చే మొత్తం వెలుతురు) కావాలి. ఒక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2 వేల ల్యూమెన్లు ఇస్తుంది కాబట్టి 11 ట్యూబులు. కార్ల భాగానికి ఇందులో సగం లక్స్ చాలు, అక్కడ 9 ట్యూబులు సరిపోతాయి. ఆశ్చర్యపోకండి, గోడలు, సీలింగ్ తెల్లగా లేకపోతే ఇంకా ఎక్కువే కావాలి.

వరసలు బల్ల అంచుకి సరిగ్గా పైన, అంటే మీ తలకి కాస్త ముందు వచ్చేలా పెట్టండి. షట్టర్ పైకి వెళ్లాక దాని వెనక దాక్కుపోయే చోట లైటు పెట్టకండి, ఇది చాలా ఇళ్లలో కనిపించే తప్పు.

ట్యూబులు కొన్నాక ఒక్కటి వెలిగించి, దాని కింద పెన్సిల్‌ను వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ వేగంగా ఊపండి. పెన్సిల్ మసగ్గా ఒకే పరదాలా కనిపిస్తే మంచి లైటు. విడివిడి పెన్సిళ్లలా తెగి కనిపిస్తే ఆ లైటు మిణుకుతోంది. మిణికే లైటు కింద తిరుగుతున్న బ్లేడు ఆగినట్టు, లేదా నెమ్మదిగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించొచ్చు. చెయ్యి పెట్టేస్తారు. అలాంటివి వెనక్కి ఇచ్చేయండి.

5. కంప్రెసర్, గాలి పైపులు

కంప్రెసర్ కొనేటప్పుడు ట్యాంకు సైజు చూసి మురిసిపోకండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) చాలాసార్లు పిస్టన్ సైజును బట్టి వేసిన లెక్క. 90 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర నిజంగా బయటికిచ్చే గాలి ఎంతో అడగండి. అర అంగుళం ఇంపాక్ట్ రెంచికి 5 సీఎఫ్‌ఎం చాలు. స్ప్రే గన్, గాలితో నడిచే శాండర్ 8 నుంచి 12 అడుగుతాయి, ఆగకుండా. టైర్లకు గాలి కొట్టడం, బోల్టులు విప్పడం వరకే అయితే చిన్నది సరిపోతుంది.

పైపు జీఐ (జింకు పూసిన ఇనుము), రాగి లేదా అల్యూమినియం వేయండి. నీళ్లకు వాడే పీవీసీ పైపు గాలికి ఎప్పుడూ వద్దు. అది కారదు, పగిలి ముక్కలు చాకుల్లా ఎగురుతాయి. పైపు 100కి 1 వాలుతో వెళ్లాలి. కిందికి దిగే కొమ్మల్ని మెయిన్ పైపు పైభాగం నుంచి తీసి వంచాలి, అప్పుడు పైపులో చేరిన నీళ్లు గన్‌లోకి రావు. అన్నిటికన్నా పల్లంలో నీళ్లు వదిలే వాల్వు పెట్టాలి. కంప్రెసర్‌కి, గోడ పైపుకి మధ్య కొంచెం రబ్బరు హోసు ఉంటే అదురుకి జాయింట్లు వదులవవు. మోత భరించలేకపోతే కంప్రెసర్‌ను బయట గాలాడే చిన్న గదిలో పెట్టండి, కానీ మూసేయకండి, వేడెక్కి ఆగిపోతుంది.

6. పొట్టు, పొగ, నిప్పు

చెక్కపని, వెల్డింగ్ ఒకే కప్పు కింద చేసేవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి. రంపపు పొట్టులో పడిన నిప్పురవ్వ మంటగా లేవదు, లోలోపల రాజుకుంటూ ఉండి, మీరు తాళం వేసి వెళ్లాక లేస్తుంది. వెల్డింగ్, గ్రైండింగ్ ద్వారం దగ్గర, చెక్కపని లోపలి మూల, మధ్యన మంట అంటుకోని తెర పెట్టండి. కుదరకపోతే ఒకే రోజు రెండూ చేయకండి. వెల్డింగ్ అయ్యాక కనీసం అరగంట అక్కడే ఏదో చిన్న పని పెట్టుకోండి.

అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి బయట ఆరేయండి, లేదా మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లలో ముంచండి.

చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కంటికి కనిపించే పొట్టు కన్నా కనిపించని పొడి ఎక్కువ చెడ్డది. మెషిన్ దగ్గరే 4 అంగుళాల పైపుతో లాగేయాలి, పైగా మాస్కు పెట్టుకోవాలి. పొట్టు లాగే మెషిన్ గుడ్డ సంచీ మామూలుదైతే సన్న పొడిని తిరిగి గదిలోకే ఊదుతుంది. వీలుంటే ఆ మెషిన్‌ను గోడ అవతల పెట్టండి.

గాల్వనైజ్డ్ ఇనుము వెల్డ్ చేసే ముందు జింకు పూత గీకేయాలి, లేకపోతే ఆ పొగకి రాత్రికి చలిజ్వరం వస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద చదవండి. గ్యాస్ సిలిండర్లు నిలబెట్టి గొలుసుతో గోడకి కట్టాలి. వాడనప్పుడు ఆక్సిజన్‌ను, ఎసిటిలీన్‌ను 20 అడుగుల ఎడంగా పెట్టాలి.

ద్వారం మూసి ఇంజిన్ ఎప్పుడూ నడపవద్దు, రెండు నిమిషాలకైనా సరే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించండి. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ తలుపు పక్కన ఉండాలి. మంట పుట్టే చోట పెడితే అవసరానికి దాని దగ్గరికే వెళ్లలేరు.

7. బల్ల

చేతులు కిందికి వదిలి నిలబడండి, మణికట్టు దగ్గర ఎంత ఎత్తో అంత ఎత్తు మామూలు పనికి బాగుంటుంది. చాలామందికి 34 నుంచి 36 అంగుళాలు వస్తుంది. వెడల్పు 30 అంగుళాలు దాటితే గోడకి తగిలించిన పానాలు అందుకోలేరు. పైన రెండు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లు కలిపి వేసి, ఆపైన మార్చుకోగలిగే పలచటి హార్డ్‌బోర్డు వేయండి. బల్లను గోడకి బిగించండి. ఊగే బల్ల మీద ఆకురాయి పట్టడం ఒళ్లు నొప్పులకే.

బెంచ్ వైస్‌ను (ముక్కను దవడల మధ్య బిగించి పట్టే పరికరం) బల్ల కాలు పైన బిగించాలి, మధ్యలో కాదు. దాని కదలని దవడ బల్ల అంచు కంటే దారం మందం ముందుకి రావాలి. అప్పుడే పొడుగాటి కడ్డీని నిలువుగా పట్టిస్తే కింద బల్లకి తగలకుండా నేల దాకా దిగుతుంది. వెనక్కి జరిపి బిగించినవాళ్లకి ఆ సంగతి మొదటి పొడుగు ముక్కతో తెలిసొస్తుంది. దవడల పైఅంచు మోచేతి ఎత్తులో ఉంటే ఆకురాయి పనికి సుఖం.

8. మెషిన్లు ఎక్కడ

టేబుల్ రంపం ఒక్కటే గదిని శాసిస్తుంది. దాని ముందు 8 అడుగులు, వెనక 8 అడుగులు ఖాళీ కావాలి. గది చాలకపోతే వెనక వైపు ద్వారానికి ఎదురుగా పెట్టండి, పొడుగు చెక్క బయటికి పోతుంది. రంపం వెనక వచ్చే బల్ల రంపం కంటే ఒకట్రెండు మిల్లీమీటర్లు కిందికి ఉండాలి, పైకుంటే చెక్క వచ్చి గుద్దుకుని ఆగుతుంది, వెనక్కి తన్నే ప్రమాదం.

మిగతావన్నీ గోడ వెంట పెట్టొచ్చు. లాక్ ఉన్న చక్రాల మీద పెట్టి ఒకట్రెండు నెలలు వాడి చూడండి. మీరు ఊహించిన చోటు, చేతికి అలవాటైన చోటు ఒకటి కావు. పెడెస్టల్ గ్రైండర్‌కి మాత్రం మినహాయింపు లేదు, మొదటి రోజే బోల్టులు వేయాలి. దాని రాయికీ కింది ఆనుకుకీ (ముక్కను ఆనించే పట్టీకి) మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగేకొద్దీ ఆనుకును దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే చిన్న ముక్కలు ఆ సందులోకి లాగేసుకుని రాయి పగులుతుంది.

9. సామాను

బరువైనవి నడుము ఎత్తులో, అరుదుగా వాడేవి పైన. ఒక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు బరువు 30 కిలోల పైమాటే. అలాంటివాటిని అటక మీద పెట్టకండి, గోడ పక్కన నిలబెట్టి పడకుండా అడ్డకర్ర కట్టండి. చెక్క రాక్ కొమ్మలు ఒకటిన్నర నుంచి 2 అడుగుల ఎడంలో ఉంటే చెక్క వంగదు. పనిముట్ల పెట్టెలో కర్పూరం బిళ్లలు పడేస్తే తుప్పు నెమ్మదిస్తుంది, పాత ఫిట్టర్లు చేసే పనే ఇది. గోడ మీద పనిముట్ల ఆకారాలు గీసి తగిలించడం ఫోటోకి బాగుంటుంది. రోజూ వాడే పది పదిహేనింటికి చాలు, అన్నిటికీ చేస్తే కొత్తది కొన్న ప్రతిసారీ గోడంతా మళ్లీ గీయాలి.

10. సరిగ్గా కుదిరిందో లేదో చూసే పరీక్షలు

సామాను పెట్టకముందే ఇవి చేయండి.

- నేల: కార్ల భాగంలో బకెట్ నీళ్లు కుమ్మరించండి. అన్నీ ద్వారం వైపే పోవాలి, మధ్యలో మడుగు కట్టకూడదు. పని భాగంలో 10 అడుగుల పట్టీ ఆనించి కింద సందు చూడండి, 5 మిల్లీమీటర్ల లోపుంటే మంచి నేల.
- చోటు: రెండు కార్లు లోపల పెట్టి, అన్ని తలుపులూ డిక్కీలూ ఒకేసారి తెరవండి. తర్వాత షట్టర్ దించి చూడండి.
- కరెంటు: రంపం, పొట్టు మెషిన్, కంప్రెసర్, లైట్లు అన్నీ ఒకేసారి నడిపి సాకెట్ దగ్గర వోల్టేజీ కొలిపించండి. నడపకముందు 230 ఉంటే, నడుస్తున్నప్పుడు 220కి దిగువకి వెళ్లకూడదు. అరగంటయ్యాక మెషిన్లు ఆపి, మెయిన్ ఆఫ్ చేసి ప్లగ్గులు తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఆ జాయింటు వదులుగా ఉంది. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి, నెలకోసారి నొక్కుతుండాలి.
- గాలి: సాయంత్రం ట్యాంకు నింపి కంప్రెసర్ ఆఫ్ చేసి, పైపుల వాల్వు తెరిచి ఉంచి, ఒత్తిడి చూపే గేజి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. పొద్దున్నకి బాగా పడిపోతే జాయింట్లకి సబ్బు నురగ రాయండి. లీకున్న చోట బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బుతుంది.
- వెలుతురు: రాత్రిపూట బల్ల మీద తెల్ల కాగితం పెట్టి, మామూలుగా పని చేసేలా వంగండి. కాగితం మీద మీ తల నీడ స్పష్టంగా పడితే ట్యూబుల వరస మీ వెనక ఉంది, ముందుకి జరిపించండి.
- ధూళి: రంపంతో కొన్ని కోతలు కోసి, లైట్లన్నీ ఆపి, టార్చి అడ్డంగా వేయండి. వెలుగు దారిలో పొడి తేలుతూ ఉంటే, అది సద్దుమణిగేదాకా మాస్కు తీయవద్దు. పది నిమిషాలయ్యాక కూడా అలాగే ఉంటే, గాలి బయటికి లాగే ఫ్యాను పెంచాలి, దానికి ఎదురు గోడలో గాలి వచ్చే కిటికీ తెరవాలి.